నలభై సెకన్ల బేరం

ఆ రోజుల్లో ఎవరు ఏ అంకె చెప్పినా అందులో సగం గాలే అనిపించేది నాకు. తెనాలిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. తెలివి రాకముందే బేరం వచ్చింది. డాక్టరు గారు పది రోజులు మాత్రలు వేసుకోమంటే అయిదుకి ఒప్పించి వచ్చిన ఘనుణ్ణి. (జ్వరం మాత్రం బేరానికి రాలేదు, పూర్తిగానే ఉండిపోయింది.) అలాంటివాడు కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి దిగితే ఏమవుతుందో రేపల్లెలోని ఒక ఫొటో స్టూడియోలో తేలింది.

స్టూడియో యజమానిని ఊరంతా బాబాయి అనేది, నేనూ అన్నాను. ఆయన దగ్గర నాలుగు డిస్కుల పాత సర్వరొకటి ఉండేది. అది లేవడానికి చాలాసేపు పడుతోందని గొణిగితే చూడ్డానికి వెళ్ళాను. మిషను ఆన్ చేయగానే ముందు కెర్నెల్ లేస్తుంది (ఆపరేటింగ్ సిస్టమ్‌కి పెద్ద గుమాస్తా అనుకోండి). అది డిస్కు కంట్రోలర్‌ని పిలుస్తుంది (గోడౌను తాళాలున్న మనిషి). ఆ కంట్రోలరు డిస్కుల్ని ఒక్కొక్కటిగా తిప్పి, నిద్రలేపి, సిద్ధమని కబురు చెబుతుంది. ఆ కబురు కోసం నలభై సెకన్లు ఆగాలని కెర్నెల్ సెట్టింగుల్లో రాసి ఉంది. నలభయ్యా? మా కొట్లో నలభై అన్నవాడితో మాట మొదలయ్యేదే అయిదు దగ్గర. అయిదని కొట్టి, రీస్టార్ట్ చేశాను. చకచకా లేచింది. బాబాయి నిమ్మసోడా తెప్పించాడు. తెనాలి రైలెక్కి, దారంతా నన్ను నేను మెచ్చుకుంటూ ఇంటికి చేరాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. "అబ్బాయ్, అసలు డిస్కులే లేవంటోందిరా ఇది," అన్నాడు బాబాయి, గొంతు బాగా తగ్గించి. బాపట్ల నుంచి లెక్కల మేడం గారు వచ్చి కూర్చున్నారట. వాళ్ళమ్మాయి పెళ్ళి ఫొటోలన్నీ ఆ సర్వర్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేశాడు మహానుభావుడు.

నేను వెళ్ళేసరికి మేడం గారు స్క్రీనుకి ఎదురుగా, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. కరెంటు ఆపి కేబుళ్ళు మార్చాను. లాభం లేదు. మళ్ళీ ఆపి, కంట్రోలర్ కార్డు పీకి, నోటితో ఊది పెట్టాను. అంతే సంగతి. ప్రతిసారీ కెర్నెల్‌ది ఒకటే మాట, కంట్రోలరు జవాబివ్వలేదు, డిస్కులు లేవు అని. బాబాయి నన్ను వెనక గదిలోకి లాక్కెళ్ళి, పెళ్ళికొడుకుది చీరాలేగా, అందర్నీ ఆ బట్టలతోనే ఇంకోసారి చర్చిలో నిలబెడితే ఎలా ఉంటుందని అడిగాడు. కేకు ఎవరు తెస్తారని అడిగాను నేను. అంటే ఆలోచన నాకూ నచ్చిందన్నమాట.

బయటికొచ్చేసరికి మేడం గారి వేలు స్క్రీను మీద ఉంది. "బాబూ, ఇది లేవు లేవంటోంది గానీ, ఆ కింద చూడు. మొదటి డిస్కు సిద్ధం అని తర్వాత వచ్చింది."

చూశాను. వచ్చింది.

"ఎంతసేపు ఆగుతోందది?"

"అయిదు సెకన్లండి. ఇదివరకు నలభై ఉండేదండి. నేనే తగ్గించాను."

"ఎందుకు?"

"నలభై అని ఉందండి, అందుకని."

(ఆ రోజు నేను చెప్పిన మాటల్లో ఇంతకంటే నిజం ఇంకోటి లేదు.)

"నేను బోర్డు మీద లెక్కేసి, అయిదు సెకన్లలో ఎవరూ జవాబు చెప్పకపోతే, క్లాసులో పిల్లలే లేరని రాసుకోనా?" అన్నారావిడ.

అప్పుడు వెలిగింది. నిన్న రీస్టార్ట్ చేసినప్పుడు డిస్కులు ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి, అందుకే అయిదు సరిపోయింది. రాత్రి స్టూడియో మూసేటప్పుడు బాబాయి మిషను ఆపేశాడు, ఇవాళ నేను ఆపుతూనే ఉన్నాను, ఆపిన ప్రతిసారీ అవి మొదట్నించీ నిద్ర లేవాల్సి వస్తోంది. ఇంత అర్థమయ్యాక కూడా పుట్టుబుద్ధి ఊరుకోలేదు. ఇరవై పెడదామా అండి అన్నాను. ఇరవై పెట్టాను. రెండు డిస్కులు లేచాయి, రెండు లేవలేదు. "పోనీ, ముప్ఫై?" అన్నాను. బాబాయి నెత్తి మీద ఒక్కటిచ్చాడు.

నలభై పెట్టి, ముగ్గురం గోడ గడియారం చూస్తూ నిలబడ్డాం. నాలుగూ లేచాయి. ఫొటోలొచ్చాయి. మొదటి దాంట్లోనే పెళ్ళికొడుకు కళ్ళు మూసుకుని ఉన్నాడు. మేడం గారు బాబాయి వైపు తిరిగి, ఈ అబ్బాయికి కూడా ఇంకాస్త టైమిచ్చుండాల్సింది మీరు అన్నారు.

ఇప్పుడు నా ఉద్యోగమే ఇలాంటి సెట్టింగులు చూడ్డం. కెర్నెల్లో ఎక్కడైనా ఇన్ని సెకన్లు ఆగమని కనబడితే, ఎవరో ఒకతను మొండి డిస్కుల ముందు గడియారం పట్టుకుని కూర్చుని, విసిగి విసిగి రాసిన అంకె అది అనిపిస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటాను. అయినా, ఒకళ్ళ పెళ్ళి ఫొటోలన్నీ పోయేటట్టున్నప్పుడు కూడా "ముప్ఫై?" అని అడిగిన ఆ తెనాలి కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. మిషనైనా మనిషైనా మంచిగా అడిగితే కాస్త తగ్గకపోతుందా అని వాడికి ఎంత నమ్మకమో.