ఆదివారం ఆట చూసే మనిషి

విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డున ఉన్న కివానీలో, ఆర్లీన్ జాడిన్ ఇంట్లో టీవీ కింద చిన్న నల్ల పెట్టె ఉంటుంది. ఎవరు ఏం చూస్తున్నారో లెక్కపెట్టే కంపెనీ దాన్ని అమర్చింది. ఆ కంపెనీ తరఫున ఇళ్ళు తిరిగేదాన్ని నేను. టీవీ పెట్టగానే, గదిలో ఎవరున్నారని అడుగుతూ పెట్టె మీద ఎర్రదీపం మిణుకుమంటుంది. గదిలో ఉన్నవాళ్ళు తమ బటన్ నొక్కితే పచ్చదీపం వెలుగుతుంది. మొదటి బటన్ నార్బర్ట్‌ది, రెండోది అతని భార్య ఆర్లీన్‌ది. పెట్టె సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఆరేళ్ళుగా ఆర్లీన్ చర్చి ఫాదర్‌కి కూడా చెప్పలేదు.

నలభై ఏళ్ళు జున్ను ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసిన మనిషి ఆమె. ఫుట్‌బాల్ ఆమెకు గిట్టదు. ఆదివారం మధ్యాహ్నం భర్త ఆట చూస్తుంటే, తను వంటింట్లో బూయా అనే అక్కడి కోడిమాంసం పులుసు కలుపుతూ ఉండేది.

ఆ ఏడు ఆట చూసేవాళ్ళు దేశమంతటా తగ్గారు. జనం ఫోన్లకు మళ్ళారని, అలవాట్లు మారాయని మా ఆఫీసులో తేల్చారు. నా పందొమ్మిది ఇళ్ళలో నార్బర్ట్ లెక్క ఒక్కటే మారలేదు. ప్రకటనలప్పుడు కూడా అతని దీపం ఆరదు. ఒకసారి చూసి రమ్మన్నారు.

నవంబరులో ఒక ఆదివారం వెళ్ళాను. పన్నెండు దాటింది. వీధిలో ఎవరూ లేరు. దారిలో రెండిళ్ళ కిటికీల్లోంచి టీవీలో ఆట కనిపించింది. టీవీల ఎదురుగా కుర్చీలు ఖాళీ.

ఆర్లీన్ ముందుగదిలోనూ ఆట నడుస్తోంది. నార్బర్ట్ పచ్చదీపం ఒకటే వెలుగుతోంది. నార్బర్ట్ కుర్చీలో ఎవరూ లేరు. పక్క బల్ల మీద బీరు గ్లాసులో నురగ ఇంకా దిగలేదు.

అతను ఎక్కడని అడిగాను. ఏప్రిల్‌లో పోయాడని చెప్పింది, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా.

"మరి బటన్ ఎవరు నొక్కుతున్నారు?"

"నేనే. ఆయన ఏనాడు నొక్కాడు గనక? వేలు కదిపితే మన జట్టు ఓడిపోతుందని భయం. ఆరేళ్ళూ నేనే నొక్కాను."

"మీరు చూడటం లేదుగా?"

"నాకేం పనిలేకనా? చూసేది ఆయన."

పోయినవాళ్ళ పేరు వెంటనే తీసేయాలి. అది మా నియమం. చెప్పాను. ఆమె చెయ్యి పెట్టె మీద పడింది.

"తీసేస్తే ఇది అడుగుతూనే ఉంటుంది అమ్మాయీ, గదిలో ఎవరని. నేనేం చెప్పను?"

ఆమె చెయ్యి పక్కకు జరిపి పేరు తీసేశాను. ఎర్రదీపం మిణుకుమనసాగింది. ఆర్లీన్ తన బటన్ నొక్కలేదు. కుర్చీ వైపు చూస్తూ నిలబడింది.

కారులో కూర్చుని లెక్క వేశాను. ఏడాదిలో నా ఇళ్ళలో నాలుగు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆ నలుగురూ చివరిదాకా ఏ అలవాటూ మార్చుకోలేదు. వాళ్ళ తర్వాత ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు.

పై వారం కాగితాలు వచ్చాయి. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళకు వేరే బటన్ ఉంటుంది. అది నొక్కి వయసు చెప్పాలి. జాడిన్ ఇల్లు: అతిథి, పురుషుడు, డెబ్బై తొమ్మిదేళ్ళు, పన్నెండు నుంచి మూడు.

ఫోన్ చేశాను. ఎవరొచ్చారని అడిగాను.

"మీ కాగితాల్లో డెబ్బై ఎనిమిదే ఉండిపోయింది. అక్టోబరులో ఆయనకు డెబ్బై తొమ్మిది నిండాయి," అంది ఆర్లీన్. "అతిథి అనే రాసుకో అమ్మాయీ. ఆట అవగానే వెళ్ళిపోతున్నాడు. పులుసు తిని వెళ్ళమన్నా ఉండటం లేదు."

అలాగే రాసుకున్నాను.