విజయవాడ రోడ్డు మీద బర్రె బొమ్మ

ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి విజయవాడ బయలుదేరిన పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ దాటగానే కిటికీలకు అతుక్కుపోయేవారు. ఎల్.బి.నగర్ చౌరస్తా వెనకబడ్డాక, రోడ్డు వారన, నిజం బర్రె కంటే జానెడు ఎత్తయిన సిమెంటు బర్రె ఒకటి కనిపించేది. నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు వెనక్కి వాల్చి, నిండు పొదుగుతో, రోడ్డుకు వీపు పెట్టి పక్కనున్న కాలనీ దారి వైపు చూస్తూ నిలబడేది. దేవుళ్లకు బొమ్మలుంటాయి, నాయకులకు ఉంటాయి, బర్రెకు బొమ్మేమిటని జనం నవ్వుకునేవారు. కార్లవాళ్లు ఆగి పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసుకునేవారు. పాలవ్యాపారం చేసేవాడెవడో ప్రచారానికి పెట్టుకున్నాడనుకునేవారు. అది పగతో నిలబెట్టిన బర్రె అని వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఆ పక్క కొట్టంలోనే పేడ ఎత్తుతూ, వాళ్ల నవ్వులు విని కడుపు నింపుకునేది. ఆమె పేరు బుచ్చవ్వ.

బుచ్చవ్వ భర్త అంతయ్య చిన్న వయసులోనే పోయాడు. ఆమెకు మిగిలినవి రోడ్డు వారన చిన్న చెక్క భూమి, ఒక కొట్టం, కొన్ని బర్రెలు. పొద్దున్నే పాలు పిండి, క్యాను నెత్తికెత్తుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా ఇల్లిల్లూ తిరిగి పోసి వచ్చేది. చుట్టూ జొన్నచేలు, ద్రాక్షతోటలు ఒక్కొక్కటే మాయమై సున్నపు గీతల ప్లాట్లవుతున్న కాలం. నిన్న ఎడ్లబండి తోలినవాడు ఇవాళ తెల్ల ప్యాంటు తొడిగి వెంచరు వేశాననేవాడు. అలా వేసినవాళ్లలో జనార్ధన్ ఒకడు. అంతయ్యకు చిన్నాయన కొడుకు, బుచ్చవ్వకు మరిది. ఆమె చెక్క తప్ప వెనకున్న భూమంతా చేతిలో వేసుకుని, ఆ వెంచరుకు 'జనార్ధన్‌పురి' అని పేరు పెట్టుకున్నాడు. కన్నబిడ్డకు కూడా మనిషి అంత మురిపెంగా పేరు పెట్టుకోడు.

ఆఫీసు గది కట్టడానికి అతను వెంచరు మొదట్లోనే గుంత తవ్వించి సున్నం నానబెట్టించాడు. పైన నీళ్లు నిలిచిన సున్నం గుంత ఎండాకాలంలో బర్రె కంటికి కుంటలాగే ఉంటుంది. చుట్టూ ఒక్క ముళ్లకంప అడ్డం వేసిన పాపాన పోలేదు. ఆ రోజు బుచ్చవ్వ పాలు పోసి వచ్చేసరికి కొట్టంలో సుక్క లేదు. నుదుట తెల్లమచ్చ ఉన్న బర్రె అది, ఆమె చేతుల్లో పుట్టి పెరిగింది. తెంచుకుపోయిన బర్రె గిట్టల జాడ పట్టుకుని నడిస్తే, ఆ జాడ సున్నం గుంత దాకా పోయింది. గుంత లేదు. గుంత ఉన్నచోట ఎర్రమొరం నింపి, నీళ్లు చల్లి, రోలరు తిప్పుతున్నారు. కూలీలు ఆమె మొహంలోకి చూడలేదు. జనార్ధన్ మాత్రం సూటిగా చూసి, నీ బర్రెను నేను చూడలేదు వదినె, మేతకు ఎటో పోయి ఉంటదన్నాడు.

ఊరి పెద్ద నర్సింహ, పోచమ్మ అమ్మవారి గద్దె దగ్గర పదిమందిని కూర్చోబెట్టాడు. కళ్లతో చూసినవాళ్లెవరూ లేరు కాబట్టి ప్రమాణం చేయమన్నారు. అమ్మవారి ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాట ఆ ఊళ్లో సత్యం. ఆ మాట మీద మళ్లీ సాక్ష్యం అడిగినా, మట్టి తవ్వి చూసినా అమ్మవారిని అనుమానించినట్టే. జనార్ధన్ ముందుకు వచ్చాడు, తన గుంతలో ఏ బర్రే పడలేదన్నాడు, కర్పూరం ఆర్పాడు. అంతటితో అయిపోయింది. ఆ మొరం మీదనే కాలనీ దారి పడింది.

మరునాడు జనార్ధన్ మనిషి చేత ఒక బర్రె పడ్డను తోలించాడు, వదినె మీద దయతో ఇస్తున్నానని. బుచ్చవ్వ దాన్ని తీసుకుపోయి వాడి గేటుకే కట్టేసి వచ్చింది. బర్రె పోయినందుకు ఆమె ఏడ్చింది. అబద్ధానికి మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కన్నతల్లి వంటి అమ్మవారి ముందు, కళ్లల్లోకి చూస్తూ ఆడిన అబద్ధం! ఏ నోటితో పడలేదన్నాడో ఆ నోటితోనే పడిందనిపిస్తాను, అనిపించే దాకా వాణ్ని సుఖంగా ఉండనివ్వను అని ఆమె ఒట్టు పెట్టుకుంది.

కాళ్ల వెండి కడియాలు తీసి అమ్మింది. గుళ్లకు సిమెంటు బొమ్మలు చేయడానికి తెనాలి వైపు నుంచి వచ్చిన సాంబమూర్తిని పిలిపించి, కాలనీ దారి మొదట్లో ఉన్న తన చెక్కలో సుక్క బొమ్మ నిలబెట్టమంది. ఆయన తల గోక్కున్నాడు. "నందులు చేశానమ్మా, ఏనుగులు చేశాను. గేదెను చేయించుకున్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు" అన్నాడు. చేయి అలవాటు పోతుందా? చువ్వలు వంచి సిమెంటు మెత్తి లేపేసరికి మూపురం వచ్చింది, మెడలో గంటలు వచ్చాయి, వెరసి నంది అయి కూర్చుంది. రెండో రోజుకే ఎవరో పసుపు కుంకుమలు పెట్టారు. సోమవారం కొబ్బరికాయలు కొట్టారు. మా వెంచరుకు నందీశ్వరుడే కాపలా అని జనార్ధన్ ప్లాట్లు చూడవచ్చినవాళ్లతో దండం పెట్టించడం మొదలెట్టాడు. కడియాలమ్మి కట్టించిన పగ పగవాడికే శుభమైంది.

బుచ్చవ్వ సాంబమూర్తిని కొట్టంలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, బర్రె బర్రెలా కనపడే దాకా లేవద్దంది. ఆయన పేడలో కాళ్లు పెట్టుకుని చూశాడు, తడిమాడు, తోకదెబ్బలు తిన్నాడు. చివరికి శివుడికి లెంపలేసుకుని మూపురం చెక్కేశాడు, కొమ్ములు వెనక్కి లాగాడు, పొదుగు మెత్తి నాలుగు చన్నులూ దించాడు. నల్లరంగు పూసి నుదుట తెల్లచుక్క పెట్టాక బుచ్చవ్వ దాని మెడ నిమిరి, ఇదే మా సుక్క అంది.

ఇక చూడండి జనార్ధన్ పాట్లు. యమధర్మరాజు వాహనం ఎదురుగా ఉంటే ఇల్లెట్లా కట్టుకుంటామని కొనవచ్చినవాళ్లు వచ్చిన దారినే తిరిగిపోయారు. ధర తగ్గించాక ధైర్యమున్నవాళ్లు కొందరు కొన్నారు. వాళ్లలో కోస్తా నుంచి వచ్చిన వెంకటేశ్వరరావు, ఆయన భార్య కౌసల్యమ్మ ముందు ఇల్లు కట్టుకుని బుచ్చవ్వ దగ్గరే పాలు పోయించుకున్నారు. చుట్టాలొస్తే గేదె బొమ్మ దగ్గర దిగమని ఉత్తరం రాసేవారు. బస్సు కండక్టర్లు 'బర్రె బొమ్మ, బర్రె బొమ్మ' అని కేక పెట్టేవారు. జనార్ధన్‌పురి అని రాసిన బోర్డు ఎండకు వెలిసి వానకు తడిసి ఎవరి నోట్లోనూ పడకుండానే పోయింది. ఒకసారి బస్సు దిగిన కొత్త మనిషి జనార్ధన్‌నే ఆపి, బర్రె బొమ్మ జనార్ధన్ గారిల్లు ఎక్కడని అడిగాడు. ఆ సాయంత్రం బుచ్చవ్వ అందరికీ కొసరు పాలు ఎక్కువ పోసింది. అయినా ఆమెకు కసి తీరలేదు. వాడి నోటి నుంచి రావలసిన మాట రాలేదు.

ఏళ్లు గడిచాయి. కాలనీ నిండింది. దారి మొదట్లో తన పేరుతో పెద్ద కమాను కట్టించాలని జనార్ధన్‌కు ఆశ పుట్టింది. కమాను ఒక స్తంభం సరిగ్గా బర్రె నిలబడ్డచోటే రావాలి. మళ్లీ పోచమ్మ గద్దె దగ్గర మనుషులు కూడారు, ఈసారి కాలనీవాళ్లు కూడా. వదినె లేనిపోని పంతంతో ఊరి పరువు తీస్తున్నదని జనార్ధన్ చాలాసేపు మాట్లాడాడు. బొమ్మ తీయడానికి ఏం కావాలని నర్సింహ ఆమెను అడిగాడు.

"నాకేమొద్దు పటేలా. మా సుక్క ఏడున్నదో గా నోటితోటి చెప్పమను. చెప్పిన గడియల్నే గడ్డపార దెచ్చి నా చేతులతోటే పలగ్గొడత."

ప్రమాణం చేసిన మనిషిని మళ్లీ అడుగుతారా అని జనార్ధన్ ఎగిరాడు. బుచ్చవ్వ లేచి అతని ఎదురుగా నిలబడింది.

"గుంతల పడ్డ మూగదాన్ని గట్టు మీద నిలవడి సూసినవ్. సచ్చేదాంక సూసి మన్ను పోపిచ్చినవ్. మనిషివేనా నువ్వు?"

జనార్ధన్ మొహం ఎర్రబడింది. చేసిన నేరం కంటే చేయని నేరం మోపితేనే మనిషికి ఎక్కువ రోషం.

"సూసుకుంట ఎవడు నిలవడ్డడు వదినె? పదిమందిమి తాళ్లేసి గుంజినం. నా చేతులు బొబ్బలెక్కినయ్. అది రాకపాయె, నేనేం జెయ్యాలె?"

అన్నాక తెలిసింది ఏమన్నాడో. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే అదే. నర్సింహ అమ్మవారి వైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

ఈ గడియ కోసం బుచ్చవ్వ ఎన్నో ఏళ్లు కాచుకుంది. వాడి మొహాన దుమ్మెత్తి పోద్దామనుకుంది. తీరా వచ్చాక నేల మీద కూర్చుంది. తాళ్లేసి లాగారట. ఇన్నేళ్లలో ఆమెకు ఆ ఊహే రాలేదు. ఆ రోజు బొబ్బలెక్కిన చేతులతో వచ్చి వదినె, ఇట్లయింది అని ఉంటే, ఆ చేతులకు తనే వెన్న రాసి పంపేది. గా దినమే ఎందుకు చెప్పలేదని అడిగింది. జనార్ధన్ తల వంచుకుని, దారి మొదట్లోనే పీనుగ ఉన్నదంటే ప్లాట్లెవరు కొంటారని గొణిగాడు. ఆమెలో అప్పుడే ఊరిన జాలి ఆ మాటతో ఎండిపోయింది.

మాట ప్రకారం లేచి కొట్టంలోంచి గడ్డపార తెచ్చింది. అందరూ వెంట నడిచారు. కౌసల్యమ్మ పరుగున వచ్చి బొమ్మకు అడ్డం నిలబడింది. "ఇది కొట్టేస్తే మా ఇంటికి దారెట్లా చెప్పుకోవాలి బుచ్చవ్వా? నువ్వు నిలబెట్టావు గానీ ఇప్పుడిది మా అందరిదీ" అంది. కాలనీ ఆడవాళ్లంతా ఆమె పక్కన చేరారు. నర్సింహ బుచ్చవ్వ చేతిలోంచి గడ్డపార తీసుకుని, మాట నిలబెట్టుకోవడానికి వచ్చావు, అది చాలు, బొమ్మ ఉంటుందన్నాడు. అమ్మవారి ముందు అబద్ధమాడినందుకు దండుగ ఏం వేయాలో కూడా నష్టపోయిన మనిషే చెప్పాలన్నాడు. రొక్కం అడుగుతుందని కొందరు, ప్లాటు అడుగుతుందని కొందరు అనుకున్నారు. ఆమె ఆలోచించలేదు కూడా.

"ఏటేటా బోనాల ఐతారం పొద్దుగాల, బస్సులు నడిచే యాళ్లకు, గాయినే దీనికి రంగెయ్యాలె. నౌకర్ల తోటి గాదు, సొంత చేతులతోటి. బతికినన్ని దినాలు."

ఆషాఢంలో బోనాల ఆదివారం వచ్చింది. జనార్ధన్ తెల్లబట్టలతోనే రంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. వీపు, మెడ, కొమ్ములు పూశాడు. పొదుగు దగ్గరికి వచ్చేసరికి కింద గొంతుక్కూర్చోక తప్పలేదు. అప్పుడే విజయవాడ బస్సు వచ్చి ఆగింది. లోపలున్న పిల్లలు విరగబడి నవ్వారు. బుచ్చవ్వ పాలక్యాను పక్కన పెట్టుకుని, వెళ్లాల్సిన ఇళ్లు మానుకుని, కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. బస్సు కదిలిపోయాక అడిగింది.

"జనార్ధనా, అది సచ్చేటప్పుడు ఎటు సూసింది?"

అతని చేయి ఆగింది. ఆమె వైపు తిరగకుండానే చెప్పాడు.

"నీ కొట్టం దిక్కే, వదినె."

బుచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి కళ్లు తుడుచుకుని, డబ్బాలో ఇంకా రంగు మిగిలి ఉండడం చూసింది.

"ఇంకో పూత ఎయ్యి" అంది.