అమలాపురం దారిలో కొబ్బరి దుమ్ము కొలిచిన రోజు

కార్ఖానాల్లో గాలి, చప్పుడు, వేడి కొలవడం నా వృత్తి. రిటైరయ్యాక ఎవరూ పిలవరనుకున్నాను. అమలాపురం దగ్గరి ఒక కొబ్బరి పీచు మిల్లు యజమాని ఫోన్ చేశాడు. విదేశీ కొనుగోలుదారుకి దుమ్ము రిపోర్టు కావాలట. గెస్ట్‌హౌసులో పడుకుని రిపోర్టులు రాసిన నా సహోద్యోగులు సన్మానాలు చేయించుకున్నారు. షెడ్లలో నిలబడ్డ నాకు దగ్గు మిగిలింది. అయినా బయలుదేరాను. దుమ్ము ఎక్కువని తేలితే షెడ్డులో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించక తప్పదని కొనుగోలుదారు షరతు. అది ఒక్కటే నన్ను కదిలించింది.

రాజమండ్రిలో ఆరింటి బస్సు ఎక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండు గంటల పైచిలుకు పడుతుంది. టికెట్టు పెద్ద భారమేమీ కాదు. కాలవ గట్ల పచ్చదనం ఫోటోల్లో ఉన్నంత బాగానే ఉంటుంది, దాని వెనక షెడ్లు ఫోటోల్లో పడవు. బస్టాండు దగ్గర ఆటో ఎక్కి మిల్లు పేరు చెప్పాను.

"ఆయ్, తెలుసండి. అడ్రసెందుకండి, దగ్గు ఇనబడ్డ చోట ఆపేత్తాను," అన్నాడు డ్రైవరు.

"నువ్వూ దగ్గుతున్నావుగా?"

"నాది బీడీ దగ్గండి. ఆళ్ళది ఉజ్జోగం దగ్గు."

మిల్లులో అడుగుపెట్టేసరికి దుమ్ము లేవకుండా షెడ్డంతా నీళ్ళు చల్లి ఉంది. కొలిచే రోజున ప్రతి మిల్లూ పెళ్ళివారిల్లే. ఆరేదాకా పని మొదలుపెట్టనని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. యజమాని కొబ్బరి బొండాం పంపాడు, తాగలేదు.

మిల్లు మేస్త్రి పక్కన నిలబడి చూస్తుండగా, కొబ్బరి డొక్కలు మిషనులోకి తోసే సువార్తమ్మకి దుమ్ము కొలిచే పంపు కట్టాను. ఏభై దాటిన మనిషి. పంపు నడుముకి ఉంటుంది, గొట్టం చివర చిన్న ఫిల్టరు డబ్బీ కాలరు దగ్గర ఉంటుంది. మనిషి పీల్చే గాలినే అదీ పీలుస్తుంది.

"రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడదండి, గోడకి జేరబడి నిద్రోతాను," అంది.

"సాయంత్రం దాకా దీన్ని తియ్యకమ్మా."

"ఆయ్, తియ్యనండి."

లోపల నిలబడే ఊపిరి నాకూ లేదు. గుమ్మం బయటే కూర్చున్నాను. పొట్టు మబ్బులా లేచింది. అందులో ఆమె వీపు మాత్రం కనబడుతోంది.

సాయంత్రం ఆమె బయటికొచ్చింది. డబ్బీ మీద ఉతికిన జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి, దారంతో బిగించి కట్టి ఉంది.

"ఇదేంటమ్మా?"

"మేస్త్రిగారు చెప్పేరండి, శానా కరీదైన మిషనంట, దుమ్ము పడితే పాడైపోద్దంట. తియ్యొద్దన్నారు కదాని తియ్యలేదండి. కప్పేను."

ఫిల్టరు ఉతికిన పంచెలా తెల్లగా ఉంది. ఆమె ముక్కు, కనురెప్పలు గోధుమరంగు పొట్టుతో నిండి ఉన్నాయి.

యజమాని తొంగి చూశాడు. "తెల్లగా ఉందంటే గాలి బాగున్నట్టే కదండీ. సంతకం పెట్టేయండి."

"ఇది చెల్లదు. రేపు మళ్ళీ కొలుస్తాను."

"రేపు మిల్లు నడవదండి. పెద్దవారు, మీకెందుకండీ శ్రమ? కాకినాడ నించి ఇంకో ఆయన్ని పిలుచుకుంటాం లెండి."

ఆ ఇంకో ఆయన ఎవరో నాకు తెలుసు. బొండాం తాగుతాడు.

"నా వల్ల పాడయ్యిందాండి?" అని అడిగింది సువార్తమ్మ. కాదన్నాను. ఆమె నమ్మలేదు, జేబురుమాలు దులుపుకుంటూ లోపలికి పోయింది. ఆ తెల్ల ఫిల్టరుని సంచిలో పెట్టుకుని చివరి బస్సు పట్టుకున్నాను.

మోసాన్ని పట్టుకోవడం నాకొచ్చు. తడి నేల, ఆపిన మిషను, ఆఫీసు గుమాస్తాకి కట్టిన పంపు, అన్నీ చూశాను. నా సామానుని ఒక మనిషి తన ఊపిరి కన్నా జాగ్రత్తగా చూసుకుంటుందని ఏ శిక్షణలోనూ చెప్పలేదు. షెడ్డులో ఫ్యాన్లు రావు. ఆమె ఈ రాత్రీ గోడకి చేరబడే నిద్రపోతుంది.

ఇలాంటి పని మీద అటు వెళ్ళేవారికి ఒక్క మాట: పంపు కట్టే ముందు మేస్త్రిని పక్కకి పంపి, ఆ డబ్బీ దుమ్ము పట్టడానికే ఉందని కట్టించుకునే మనిషికి మీరే చెప్పండి.