పాలస్తీనా ర్యాపూ, నా అబద్ధమూ

మలేసియాలో, సుంగై పెటానిలోని మా ఇంట్లో ఆ నెలంతా ఒక పాలస్తీనా ర్యాప్ పాట వెయ్యిసార్లు మోగింది. సరే, వెయ్యి కాదు, వంద కూడా ఉండదేమో. కానీ కంచం ముందు కూర్చుంటే అదే, స్నానం చేసి వస్తే అదే. రాగమన్నది లేదు, రోకటి పోటులా తాళం ఒక్కటే.

కాలేజీలో చదివే మా మనవరాలికి ఆ పాట అంటించింది ఆమె మలాయ్ స్నేహితురాలు. పాలస్తీనాకు మద్దతుగా కాలేజీలో సభ పెడుతున్నారట, అందులో మా పిల్ల తెలుగులో ర్యాప్ పాడుతుందట. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడమంటే సగం అరువు మాటలే, చివర మలాయ్ వాళ్ల 'లా' ఒకటి. ఈవిడ పాట కడుతుందట!

"ఆపవే తల్లీ, ఆ తిట్లేటి?" అన్నాను.

"తిట్లు కాదు తాతా. ఆ పాడేవోడు వాళ్ల అమ్మమ్మ ఊరి పేరు సెప్తున్నాడు. ఆ ఊరు ఇప్పుడు మ్యాప్‌లో లేదు. చెక్‌పోస్ట్ కాడ సోల్జర్ ఏటి అడిగినాడో, తను ఏటి సెప్పినాడో, అదే పాట."

"మేం పనిజేసిన రబ్బరు ఎస్టేట్ మాత్రం ఉందేటి? ఫ్యాక్టరీ కట్టేసినారు."

"రెండూ ఒకటి కాదు లా! మనది అమ్మేసినారు, వాళ్లని తరిమినారు. అయినా నీ కథ సెప్పు. ర్యాప్‌లో సూసిందే సెప్పాల, అదే రూల్."

అక్కడే నా నోరు ఊరుకోలేదు. నా కుర్రతనంలో రబ్బరు ఎస్టేట్‌లో రోజూ తెల్లవారుజామున కూలీలందరూ వరసలో నిలబడితే గుమాస్తా పేర్లు పిలిచేవాడు. పలికినవాళ్లకే పని. దొర ఒక ముసలమ్మను పనిలోంచి తీసేసినందుకు, మర్నాడు ఎవరూ పలకకూడదని అందరూ మాట అనుకున్నారు. ఇంతవరకూ నిజమే. గుమాస్తా ఎన్నిసార్లు పిలిచినా నేను పలకలేదనీ, దొర ఎదురొచ్చి ఉరిమి చూస్తే ఆయన చేతే కళ్లు దింపించాననీ చెప్పాను. ఒక పులిని కూడా తెద్దామనుకున్నాను గానీ, నమ్మదని మానేశాను.

పిల్ల రాసేసింది.

"పేరు పిలిసినారు, మా తాత పలకలేదు
కళ్లు దించమన్నారు, మా తాత దించలేదు"

రోజూ నా ఎదుట నిలబడి సాధన. "పలకలేదు" దగ్గర ళ కాదు, ల అని దిద్దాల్సింది నేనే. నా అబద్ధానికి నేనే ఉచ్చారణ నేర్పాలి! ఇంతకన్నా దరిద్రం ఉంటుందా?

సభ రెండు రోజులుందనగా వచ్చి చెప్పింది: "మా ఫ్రెండ్ అడిగింది తాతా, ఇది నిజమేనా అని. ఒక లైన్ అబద్ధమైతే, గిట్టనోళ్లు పాలస్తీనా కథలన్నీ అబద్ధమేనంటారంట. మా తాత అబద్ధం ఆడడని ఒట్టేసినాను."

టీ గ్లాసు కింద పెట్టాను.

"పలికినానే," అన్నాను.

"ఏటి?"

"మొదటి పేరు నాదే. గుమాస్తా పిలిసేసరికి 'ఉన్నానయ్యా' అనేసినాను. నా ఎనకోడు పలికినాడు, ఆడి ఎనకోడు పలికినాడు. అంతే, అయిపోయింది."

"మరి ఆ ముసలమ్మ?"

"మా నాయనమ్మే. ఆ మద్దేనం నాకు అన్నం పెట్టింది కూడా ఆవిడే. ఒక్క మాట అనలేదు."

"ఇన్నాళ్లూ కూసుని దిద్దినావు కదా తాతా!"

"నా కథ తీసెయ్."

"తియ్యను. మారుస్తాను."

"కాలేజీ అందరికీ మా తాత పిరికోడని సెప్తావా?"

"అవును లా. నువ్వు సూసింది అదే కదా!"

బతిమాలాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. రెండో పూట తినేశాననుకోండి. పిల్ల ఒక్క అక్షరం మార్చలేదు.

సభకు వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని ధైర్యం. స్నేహితురాలు ఆ ధైర్యమూ ఉంచలేదు. పాట మొత్తం మలాయ్‌లోకి మార్చి, వెనకాల తెర మీద గుమ్మడికాయంత అక్షరాలతో వేసింది. "మొదటి పేరు మా తాతది, మా తాత పలికినాడు." పక్క సీటు పెద్దమనిషి నా వైపు వంగి, ఆ తాత ఇంకా ఉన్నాడా అని మలాయ్‌లో అడిగాడు.

తెలియదన్నాను.

వేదిక మీద పిల్ల మా నాయనమ్మ అన్నం పెట్టిన చరణం ఎత్తుకుంది. నేను ఆ పెద్దమనిషి మోచెయ్యి తట్టి, "ఆ తాత నేనే" అన్నాను.

"ష్," అన్నాడాయన. "పాట విననివ్వండి."