పాత డిస్కు జోలికి రానివ్వలేదు

కంప్యూటర్ దగ్గర నాకెంత పొగరో గవర్నరుపేటలో నేను ఆల్బంలు చేసే కలర్ ల్యాబుకు వచ్చేవాళ్ళందరికీ తెలుసు. ఆ పొగరు ఊరికే రాలేదు.

ఫోటోగ్రాఫర్లు డిజిటల్ కెమెరాలకు మారుతున్న రోజులవి. పామర్రు నుంచి, హనుమాన్ జంక్షన్ నుంచి మెమరీ కార్డులు పట్టుకుని వచ్చేవారు. కార్డులు ఖరీదు కాబట్టి ఫోటోలు మా సర్వర్లోకి ఎక్కించగానే వాటిని ఖాళీ చేసి మరో పెళ్ళికి పట్టుకుపోయేవారు. ఇక ఆ పెళ్ళి మొత్తం మా డిస్కులోనే ఉండేది.

ఆ డిస్కు నిండిపోయింది. కంప్యూటర్ షాపాయన వచ్చి పెద్ద డిస్కు పెట్టి, పనిలో పనిగా కంప్యూటర్ లోపల మరో మెమరీ ముక్క కూడా తగిలించి, ఫోటోలన్నీ కొత్తదానిలోకి కాపీ చేశాడు. తెర మీద చిన్న బొమ్మలన్నీ బాగానే కనిపించాయి. టీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు నేను చల్లపల్లి పెళ్ళి ఫోటో ఒకటి పెద్దది చేసి చూస్తే, తలంబ్రాల కింద నుంచి అంతా బూడిదరంగు. ఇంకోటి తెరిస్తే పెళ్ళికొడుకు మొహం మీద ఆకుపచ్చ చారలు. పెళ్ళివాళ్ళు ఆ సాయంత్రమే ఫోటోలు ఎంచుకోవడానికి వస్తున్నారు.

మా ల్యాబు ఓనరుగారు కబురు చేస్తే షాపాయన మళ్ళీ వచ్చాడు. "పాత డిస్కు పోయిందండీ. దాన్ని రిపేర్ చేసి మళ్ళీ కాపీ కొడదాం," అంటూ కుర్చీ లాక్కున్నాడు. రిపేరంటే పాత డిస్కు మీదే రాయడం. తేడా వస్తే అసలు ఫోటోలు కూడా పోతాయి. నాకు ఒళ్ళు మండింది.

"దాన్ని ముట్టుకోకండి," అన్నాను.

"ఏమ్మా, నాకంటే నీకు తెలుసా?"

"తెలీదండీ. తెలిసేదాకా మాత్రం ముట్టుకోనివ్వను."

ఓనరుగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "కాసేపు ఆ అమ్మాయిని చూడనివ్వండి," అన్నారు.

పాత డిస్కు నుంచి ఒకే ఫోటోను రెండుసార్లు కాపీ చేశాను. ఒక కాపీ ఒకచోట పాడైంది, రెండోది ఇంకోచోట. పాత డిస్కే చెడి ఉంటే రెండూ ఒకేలా చెడాలి కదా! అంటే ఫోటో దారిలో పాడవుతోంది. కాపీ అయ్యే ప్రతి ఫోటో మెమరీ గుండానే పోతుంది; కొత్త డిస్కు కాక ఆ దారిలోకి కొత్తగా వచ్చింది ఆయన తగిలించిన మెమరీ ముక్క. కంప్యూటర్ ఆపి ఆ ముక్క పీకేసి కాపీ చేస్తే ఫోటో శుభ్రంగా వచ్చింది. నమ్మకం కుదరక ముక్క మళ్ళీ పెట్టి చూశాను. మళ్ళీ చారలు. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను. ముందు ఆ పెళ్ళంతా తిరిగి కాపీ చేసి, ఒక్కో ఫోటోనూ పాతదానితో పోల్చి చూసుకున్నాను. ఒక్కటీ పోలేదు. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

సాయంత్రం పెళ్ళికూతురు నా పక్కన కూర్చుని ఒక్కో ఫోటో చూస్తూ, ఒకచోట ఆగింది.

"అయ్యో, ఇందులో కళ్ళు మూసుకున్నానండీ. తీసెయ్యండి."

"ఆల్బంలో పెట్టనండి. కానీ డిలీట్ మాత్రం చెయ్యను," అన్నాను.

పెళ్ళికూతురు ఆశ్చర్యంగా ఓనరుగారి వైపు చూసింది. ఆయన నవ్వలేదు.

"ఆవిడ చెయ్యనందంటే, నేను చెప్పినా చెయ్యదమ్మా," అన్నారు.