తల వెతుక్కున్న సిపాయి

మా పైవాటాలో కిరాయికి ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుకునే అమ్మాయి, పుస్తకాలతో తల వేడెక్కిందంటూ, మొన్న ఆదివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని చిక్కడపల్లిలో ఏదో ఏకపాత్ర హాస్యనాటకానికి తీసుకుపోయింది. ఎప్పటిదో యుద్ధంలో చచ్చిన సిపాయి దయ్యమై వచ్చి ఈనాటి హైదరాబాదులో పడే తిప్పలు కథ. జనం పడీపడీ నవ్వుతుంటే నేను మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మా వారు కూడా అలాంటి దయ్యాన్నే ఆడేవారు. పగలు గుమాస్తా ఉద్యోగం, సాయంత్రమైతే నాటకాల పిచ్చి. గోల్కొండ ముట్టడిలో తల తెగిన సిపాయి, ఆ తలను వెతుక్కుంటూ నారాయణగూడ దాకా వస్తాడన్నమాట. పొడుగు కోటును నెత్తి మీదికి లాగి గుండీలు పెట్టుకుంటే అచ్చం మొండెం నడిచి వచ్చినట్టే ఉండేది. గుమ్మడికాయను తలగా పెట్టుకుంటే దొరలా ఉరిమేవారు, ఇత్తడి చెంబు పెట్టుకుంటే కొత్తకోడలిలా సణిగేవారు. ఆ కోడలు ఎవరో నాకు తెలుసు గనుక నేను మరింత నవ్వేదాన్ని.

మా పెళ్ళయిన ఏడాది నారాయణగూడలో ఆట పెట్టారు. ముందు వరుసలో నేను, నా పక్కన మా తమ్ముళ్ళిద్దరు. తల లేని సిపాయి నేల మీద దేవులాడి, దొరికిన గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని బుజ్జగిస్తున్నాడు. అప్పుడు ఒక పెద్దమనిషి లేచి, ఇనుప మడతకుర్చీ ఎత్తుకుని స్టేజీ ఎక్కాడు. కోటులో తల దాచుకున్న మనిషికి ఏం కనిపిస్తుంది? కుర్చీ నెత్తిన పడ్డ చప్పుడుకు హాలంతా ఇంకా గట్టిగా నవ్వింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. గుండీల సందుల్లోంచి రక్తం కారి గుమ్మడికాయ తడిసిపోతున్నా వెనక వరుసల వాళ్ళు చప్పట్లు కొడుతూనే ఉన్నారు, నా కేకను కూడా నాటకమే అనుకున్నారు. మా తమ్ముళ్ళు తేరుకుని స్టేజీ ఎక్కేసరికి ఆ పెద్దమనిషి కుర్చీ పడేసి వెళ్ళిపోయాడు.

మా వారి తలకు కుట్లు పడ్డాయి, ఎడమ చెవి మళ్ళీ వినపడలేదు. ఆయన కళ్ళు తెరవకముందే మా తమ్ముళ్ళు, కొట్టినాయన కవాడిగూడలో ఉండే రిటైరైన మిలిటరీ మనిషని వాకబు చేసి, ఇంట్లోంచి గల్లీలోకి ఈడ్చి, మూతి పగలగొట్టి, కుడిచేతి వేళ్ళను గడప మీద పెట్టి తొక్కి విరిచారు. నెత్తురంటిన చొక్కాలతో ఆసుపత్రికి వచ్చి, "నీ పుస్తె కోసం చేసినమక్కా" అన్నారు.

తెలివొచ్చాక ఈ సంగతి విని, కుట్ల నొప్పికి ఏడవని మనిషి ఏడ్చారు. తలకట్టు విప్పకముందే నన్ను తోడు తీసుకుని కవాడిగూడ పోయారు. మంచం మీద పిండికట్టు చేత్తో ఉన్న ఆ పెద్దాయన మమ్మల్ని చూసి లేవబోయాడు. ఎందుకు కొట్టారని మా వారు అడగలేదు, ఊరికే పక్కన కూర్చున్నారు. ఆ పెద్దాయనే పగిలిన పెదవులతో చెప్పాడు.

"లడాయిల మా దోస్తు తల గట్లనే తెగి పడ్డది బాబూ. నేనే ఎత్తి ఒళ్ళె పెట్టుకున్న. మీ ఆటల అందరు నవ్వుతుంటే, వాన్ని చూసి నవ్వుతున్నరనిపించింది."

"నాకు తెల్వదు పెదనాయనా. మా బామ్మర్దులు చేసింది నేను చేసినట్టే. మాఫ్ చెయ్యండి," అన్నారు మా వారు.

చెవి పోయిందట గదా అని అడిగి, ఆ పెద్దాయన విరగని చేత్తో మా వారి తలకట్టును తడిమాడు. ఇద్దరూ కేసులు పెట్టుకోలేదు. మా వారు దయ్యాన్ని మళ్ళీ ఆడలేదు. పరువు తీశాడని అలిగిన మా తమ్ముళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి మా ఇంటికి రాలేదు, వచ్చినా ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు.

మొన్నటి ఆట ఏ గొడవా లేకుండా ముగిసింది, అదే పదివేలు. అశోక్‌నగర్ ఇంటిదాకా నడిచి వస్తూ, ఇప్పుడు ఆట చూసి మనసు కష్టమైనవాళ్ళు ఏం చేస్తారని అడిగితే, ఫోన్లోనే తిడతారమ్మమ్మా, వాళ్ళెవరో కూడా తెలియదని ఆ అమ్మాయి చెప్పింది. నెత్తి పగలకపోవడం మంచిదే. కానీ అలాంటి మనిషిని వెతుక్కుంటూ పోవాలంటే ఏ గల్లీకి పోవాలి, ఎవరి మంచం పక్కన కూర్చోవాలి?