గొలుసు లేని బండి

నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన రోజుల్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలోని మా క్వార్టరు వరండాలో రెండు అమెరికా మోటారు సైకిళ్లు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం చుట్టుపక్కల ఏరోడ్రోముల్లో వదిలేసి వెళ్లిన బళ్లవి. కలప కాంట్రాక్టర్లు, పాస్టర్లు వేలంలో కొనుక్కుని తిరిగినన్నాళ్లు తిరిగి, పాడయ్యాక పశువుల కొట్టాల్లో పడేశారు. అలాంటివాటిని వెతికి పట్టుకోవడం, బాగుచేయడం, నాలాంటి పిచ్చివాళ్లతో మార్చుకోవడం నాకు అలవాటైంది. ఒకడి దగ్గర ట్యాంకు ఉంటే నా దగ్గర కార్బురేటరు ఉండేది. సరుకుకి సరుకు, మధ్యలో ఒక టీ.

మా ఆవిడ బట్టల తీగను వాటి హ్యాండిళ్లకే కట్టేది. "ఈటికి రోజూ తుడుపులు. నాకు కుర్సీ ఏసుకోడానికి సోటు లేదు" అనేది. అయినా గోల్‌బజార్‌కి చేపలకెళ్లాలంటే రిక్షా వద్దనేది. వెనక సీటు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

అరవైల్లో ఒక ఆదివారం నేను ఒక రిటైర్డ్ రైలు డ్రైవరు ఇంటికి వెళ్లాను. ఆయన ఆంగ్లో ఇండియన్, మెయిల్ రైళ్లు నడిపిన మనిషి. ఆయన దగ్గర ఇంజనులో బొగ్గు వేసిన ఫైర్‌మెన్‌లందరూ శ్రీకాకుళం వైపు వాళ్లే కావడంతో తెలుగు మాలాగే మాట్లాడేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. షెడ్డులో ఒక అపురూపమైన బండి ఉందని విని వెళ్లాను.

టార్పాలిన్ తీసి వంగి చూశాను. వెనక చక్రానికి గొలుసు లేదు. ఇంజను నుంచి ఒక ఉక్కు కడ్డీ వెళ్లి చక్రాన్ని తిప్పుతుంది. సిలిండర్లు రెండూ అటొకటి ఇటొకటి, చేతులు చాచినట్టున్నాయి.

"ఎడారిలో యుద్ధానికని సేసినారు" అన్నాడాయన. "ఇసకలో గొలుసు అరిగిపోతాదని గొలుసే తీసేసినారు. కొన్ని సేసేసరికి ఆ యుద్ధమే అయిపోనాది. మరి సెయ్యలేదు."

"మారకానికి ఇస్తారా సాబ్? నా దగ్గర రెండున్నాయి."

"కళ్లు లేనోడికి రెండు బళ్లెందుకు? ఇంజను పెంకు పగిలిపోనాది. దీన్ని నడిపించినావంటే నీదే. ఆదోరం ఆదోరం నన్ను ఎక్కించుకుని తిప్పాల. అదే దీని ధర."

పగిలిన పెంకుని అతికించబోయాను, నిలవలేదు. అలాంటి ఇంజను కలకత్తాలోనే లేదన్నారు. ఏడాది గడిచింది. అప్పుడొక లారీ డ్రైవరు చెప్పాడు: ఝార్‌గ్రామ్ దాటాక ఒక మిషన్ ఆస్పత్రిలో బావి నీళ్లు తోడే ఇంజనుకి సిలిండర్లు అటూ ఇటూ ఉంటాయని.

నా మొదటి బండి వేసుకుని సాల చెట్ల అడవి మధ్య నుంచి వెళ్లాను. ఇటుక దిమ్మ మీద బిగించి, ఆకుపచ్చ రంగు పూసి, అదే ఇంజను. పైపులోంచి నీళ్లు తొట్టిలోకి, తొట్టి నుంచి వంకాయ మడుల్లోకి పారుతున్నాయి. ఆస్పత్రి చూసుకునే సిస్టరు బెంగాలీలో నింపాదిగా అడిగింది: "తీసుకెళ్లు దాదా. రేపట్నుంచి ఎనభై మంది రోగులకి నువ్వొచ్చి తోడతావా?"

డబ్బిస్తానని చెప్పడానికి జేబు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ బియ్యం ఏరడం ఆపలేదు. "ఆవిడకి కావాల్సింది నీళ్లు. ఇంజను కాదు కదా. గోల్‌బజార్ మెషిన్ల షాపాయన మీ పెద్ద బండి మీద ఎన్నాళ్లనుంచో కన్నేసినాడు. బండి ఇచ్చి పంపుసెట్టు తెండి."

"అది నా మొదటి బండే" అన్నాను.

"అయితే ఉంచుకోండి. ఆ ముసలాయనకి ఏటి సెప్తారో ఆలోసించుకోండి."

మూడు రోజులు ఆలోచించాను. కాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చడం నేర్చుకున్నది దాని మీదే. నాలుగో రోజు నేనే తుడిచి, షాపు ముందు నిలబెట్టి, తాళం ఆయన చేతిలో పెట్టాను. ఆయన కొత్త పంపుసెట్టుతో పాటు పైపులు కూడా ఇచ్చాడు. తిరిగి నడిచి వస్తుంటే చేతులు ఖాళీగా అనిపించాయి.

సిస్టరు గట్టి మనిషి. కొత్త పంపు రెండు తొట్లు నింపేదాకా పాత ఇంజను నట్టు ఒక్కటి తిప్పనివ్వలేదు. అప్పుడు మాత్రం తానే స్పానరు అందించింది. పంపుసెట్టు తెచ్చిన లారీలోకి పాత ఇంజను ఎక్కించేటప్పుడు ఒక బుట్టెడు వంకాయలు కూడా ఇచ్చింది.

బిగించడానికి వానాకాలమంతా పట్టింది. రోజూ షిఫ్టు దిగి ఆయన షెడ్డుకే వెళ్లేవాణ్ణి. ఆయన స్టూలు మీద కూర్చుని, నేను ఇచ్చిన ప్రతి సామానూ వేళ్లతో తడిమి, బాగుంటే తలూపేవాడు. దుర్గా పూజల ముందు ఒక పొద్దుట కిక్ కొడితే ఏడోసారికి అందుకుంది. అడ్డపు సిలిండర్లవల్ల బండి నిలబడ్డ చోటే పక్కకి ఊగింది. ఆయన వంగి చెవి పెట్టి విన్నాడు.

"ఎడం పక్కది కాస్త ఎనకబడతంది. ప్లగ్గు సూడు."

చూశాను. మసి పట్టింది. తుడిచి పెడితే చప్పుడు సమంగా వచ్చింది. ఆయన తన పాత డ్యూటీ టోపీ పెట్టుకుని వెనక ఎక్కి నా భుజం పట్టుకున్నాడు. కాసాయి నది వంతెన దాకా వెళ్లాం. నా భుజం మీద ఆయన వేళ్లు మొదట బిగుసుకుని ఉన్నాయి, ఊరు దాటాక వదులయ్యాయి. కాసేపటికి ఏదో ఇంగ్లీషు పాట కూనిరాగం తీస్తున్నాడు. వంతెన మీద ఆపమన్నాడు.

"నీళ్లెంతున్నాయి?"

"ఒడ్డు దాకా ఉన్నాయి సాబ్."

"బావుంది" అని, గాలికి ముఖం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

అలా ఐదేళ్లు ఆదివారాలు తిరిగాం. ఆ రోజుల్లోనే హిజ్లీలోని ఐఐటీ నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి, తన దగ్గరున్న రెండు బళ్లూ ఇస్తాను, ఇదొక్కటీ ఇమ్మన్నాడు. ఒకప్పుడైతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ రోజు మాత్రం ఇది మారకానికి లేదని వెంటనే చెప్పేశాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. వరండాలో పెద్ద బండి ఉండిన చోట మా ఆవిడ వేసిన కుర్చీలో కూర్చుని టీ తాగాడు. ఇంజను విప్పినప్పుడు చూడొచ్చా అని అడిగాడు. రమ్మన్నాను. తర్వాతి శనివారం తన స్పానర్లు తానే తెచ్చుకుని వచ్చాడు.